నిదానం సెలూన్‌లో గోరింక చదువు

నమ్మే ఓపిక ఉంటేనే కూర్చో. లేకపోతే ఇప్పుడే లేచి వంటింట్లోకి వెళ్లిపో, నేనేమీ అనుకోను. సగం విన్నాక "తాతయ్యా, ఇది మరీ ఎక్కువైంది" అన్నావంటే మాత్రం మిగతా సగం నీకు ఈ జన్మలో చెప్పను. చాలామంది అన్నారు. అన్నవాళ్లంతా తర్వాత నా దగ్గరికే వచ్చి తలకాయలు దించుకుని కూర్చున్నారు. సరే, ఆ ఫోన్ పక్కన పెట్టు ముందు. ఏం చెబుతోంది అందులో ఆవిడ? పిల్లాడు చెంచా విసిరేస్తే ఏం చెయ్యాలో చెబుతోందా? నీ కొడుకు ఇప్పటికే చెంచాని మంచం కిందికి విసిరేశాడు, ఆవిడ ఇంకా నమస్కారాలు పెడుతోంది. ఏమిటీ, ఊళ్లో తల్లులందరూ కలిసి పెట్టుకున్న గ్రూపా? ఒకళ్లకి తెలిసిన చిట్కా ఒకళ్లకి చెప్పుకుంటారా? ఓసి పిచ్చిదానా, అది మాకూ ఉండేది. నువ్వు కాదు, మీ అమ్మ కూడా పలక పట్టని రోజుల్లోనే ఉండేది. దానికి ఫోన్ అక్కర్లేదు, ఒక చెక్క బెంచీ చాలు. ఆ బెంచీ ఉన్నది నిదానం సెలూన్‌లో.

నిదానం అంటే వాడి అసలు పేరు కాదులే. అసలు పేరు వాళ్లావిడ ఒక్కతే పిలిచేది, ఆవిడతోనే అదీ పోయింది. వాడు గడ్డం గీయడం చూశాక ఇంకో పేరు పెట్టడం ఎవరి తరమూ కాదు. కుడి చెంప గీసి ఎడమ చెంప దగ్గరికి వచ్చేసరికి కుడి చెంప మీద మళ్లీ మొలిచేది. నవ్వకు, నా చెంప మీదే మొలిచింది, నాకు తెలియదా? పొద్దున్న పెళ్లికాని కుర్రాడు వెళ్లి కూర్చుంటే లేచేసరికి తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాయని చెప్పుకునేవాళ్లు. అది మాత్రం కొంచెం ఎక్కువ చేసి చెప్పడమే, ఒప్పుకుంటా. కానీ గాటు పడేది కాదమ్మా. ఆ చేతిలో కత్తి వెన్న మీద నడిచినట్టు నడిచేది. అప్పట్లో నేను బస్సు కండక్టర్ని. నా ఈల గురించి మీ అమ్మమ్మ చెప్పే ఉంటుంది. నేను ఈల వేస్తే నా బస్సే కాదు, పక్క రోడ్డు మీద పోయే బస్సులూ ఆగేవి. ఒకసారి గేటు దగ్గర రైలు ఆగింది. డ్రైవరు దిగి వచ్చి "ఎవరండీ ఈల వేసింది, మా గార్డనుకున్నా" అన్నాడు. అలాంటి నేను కూడా డ్యూటీ దిగగానే ఆ బెంచీ మీద చేరి నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి. మూసుకుని అంటే, మిగతావాళ్ల కంటే తక్కువ మాట్లాడేవాణ్ణి అని. సరే, మిగతావాళ్లంత మాట్లాడేవాణ్ణి. నీకెందుకు ఆ లెక్క?

వాడి పెళ్లాం జ్వరంతో పోయింది. అప్పటికి పిల్ల ఇంకా గోడ పట్టుకుని నడుస్తోంది. ఆ పిల్లని మేం గోరింక అనేవాళ్లం. పొద్దున్న కళ్లు తెరిచినప్పుడు మొదలుపెట్టిన మాట రాత్రి నిద్రలో కూడా పూర్తయ్యేది కాదు. పిల్లని చూసుకోవడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. సెలూన్ మీదే గది, గదికీ షాపుకీ మధ్య చెక్క మెట్లు. వాడు పిల్లని చంకన పెట్టుకుని కిందికి దిగేవాడు, షాపు మూసి మళ్లీ చంకన పెట్టుకుని పైకి ఎక్కేవాడు. ఒకరోజు ఏమైందంటే, పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి వాడి మోచేతికి తగిలింది. కుర్చీలో ఉన్నది కాంపౌండరు. వాడి కత్తి ఆయన గొంతు పక్కన ఇంత దూరంలో ఆగింది, ఇదిగో, ఈ గోరంత. కాంపౌండరు కళ్లు మూసుకుని ఇంట్లోవాళ్లందరికీ మనసులోనే వీడ్కోలు చెప్పేసుకున్నాడట. ఆ రోజునించీ షాపులో ఒక కట్టుబాటు. కత్తి చేతిలో ఉన్నంతసేపూ పిల్ల స్టూలు దిగకూడదు, వెనక్కి తిరగకూడదు. ఎత్తు స్టూలు అది, అద్దం చివర, పౌడరు డబ్బాల అరకి ఆనుకుని ఉండేది. పిల్ల అద్దానికి ఎదురుగా కూర్చుని ఆ అరనే బల్ల చేసుకునేది. నిదానం పిల్లని ఎప్పుడూ "కదలకు" అనేవాడు కాదు, అది నేను గమనించా. "ఈ దువ్వెన్లు కాపలా కాయి తల్లీ, ఎవరూ ఎత్తుకుపోకుండా" అనేవాడు. దాంతో అది బొమ్మలా కూర్చునేది, పోలీసు లాగా. పిల్లలకి చెయ్యొద్దు అని చెబితే చేతులు దురద పెడతాయమ్మా. చెయ్యడానికి ఏదో ఒకటి ఇస్తే ఆ చేతులకి పని దొరుకుతుంది. ఇది నీ ఫోన్లో ఆవిడ చెప్పిందా? చెప్పదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. పిల్లకి అమ్మమ్మ ఉండేది. పెద్ద నర్సమ్మ అనేవాళ్లం, పక్క ఊరి ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్ద. ఆవిడ వార్డులో అడుగుపెడితే జ్వరాలు వాటంతట అవే దిగిపోయేవి, థర్మామీటరు పెట్టక ముందే. కూతురు పోయాక ఒకసారి వచ్చింది. షాపంతా చూసింది. కింద వెంట్రుకలు, నురగ గిన్నెలు, బెంచీ మీద మేం. నన్ను పైనించి కిందికి చూసి "ఈయనెవరు?" అంది. నన్ను ఎరగని మనిషిని నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు. చూశాక నిదానంతో అంది, "చూడు నాయనా, నిన్ను తప్పు పట్టడం లేదు. కత్తుల మధ్య, మగాళ్ల మధ్య ఆడపిల్ల ఎలా పెరుగుతుంది? బడి తెరిచే నాటికి అది తన చేత్తో తను తినాలి, నిన్ను వదిలి ఉండను అని నీ కాలు పట్టుకుని ఏడవకూడదు, అక్షరాలు రాయాలి. ఇవి వస్తే నీ దగ్గరే ఉంచుకో. రాకపోతే మా ఇంటికి తీసుకెళతా, అక్కడ బడిలో వేస్తా. సెలవులకి వచ్చి చూసుకో." వాడు కత్తిని తోలు పట్టీ మీద రెండు వైపులా నూరాడు. తర్వాత "సరే అత్తయ్యా" అన్నాడు. వాడు మాట ఇచ్చాడంటే మళ్లీ దాన్ని తిరగెయ్యడానికి వాడికి ఒక జీవితకాలం పడుతుంది, ఆ నిదానానికి. ఆవిడ వెళ్లిపోయాక పిల్ల అడిగింది, "నాన్నా, సెలవులంటే ఏంటి?" అని. వాడు మెట్లెక్కి పైకి వెళ్లిపోయాడు. కుర్చీలో మనిషి నురగతో అలాగే ఉన్నాడు.

అప్పుడు లేచిందమ్మా మన బెంచీ. నేనే లేపాను అనుకో. "ఏమయ్యా, మనమందరం పిల్లల్ని కన్నవాళ్లం కాదూ, ఒక్క పిల్లకి అన్నం తినడం నేర్పలేమా?" అన్నాను. నేను మామూలుగా అన్నా, బయట వీధిలో జనం పోగయ్యారు, నా గొంతు అలాంటిది. ఇక చూడు, చిట్కాల వాన. బెంచీ మీద ముఖ్యులం ముగ్గురం, టైలరు, కాంపౌండరు, నేను. పక్కన రొట్టెల బట్టీ నడిపే అక్క గడపలోనించే మాట్లాడేది, చేతుల నిండా పిండి. తిండి సంగతి ఆవిడ తేల్చింది. "గిన్నె పట్టుకుని పిల్ల వెనకాల తిరగడం మానెయ్ తమ్ముడూ. నువ్వు తిరిగినంత కాలం అది తిరుగుతుంది, దానికి ఆట. కింద పాత కాగితం పరిచి, చిన్న గిన్నె, చిన్న చెంచా దాని ముందు పెట్టి, నీ గిన్నె నువ్వు తిను. మొదట సగం అది తినాలి, అలిసిపోయాక మిగతాది నువ్వు పెట్టు. లేచి వెళ్లిపోతే గిన్నె తీసెయ్. తిట్టకు, బతిమాలకు. ఇంకోటి, ఎవరు ఒలకబోస్తే వాళ్లే తుడవాలి, తడిగుడ్డ దగ్గరే పెట్టు" అంది. నిదానం నీళ్లు ఒలికిస్తే తనే తుడిచేవాడు, పిల్ల ఒలికిస్తే పిల్ల తుడిచేది. తుడవటం ఎంత నచ్చిందంటే గోరింకకి, తుడవడానికని కావాలనే ఒలకబోసేది. ఆ కష్టం వేరే.

టైలరు నలుగురు పిల్లల తండ్రి, ఆయనకి గొడవలు తీర్చడం తెలుసు. "గౌను వేసుకుంటావా అని అడిగావో, చచ్చావు. వేసుకోను అంటుంది. నీలం గౌనా, పసుపు గౌనా అని అడుగు. ఏది చెప్పినా నువ్వే గెలిచావు" అన్నాడు. నిదానం మర్నాడు అలాగే అడిగాడు. గోరింక ఆలోచించి "పసుపుది పైన, నీలంది కింద" అంది. రెండూ వేసుకుని వచ్చింది. టైలరు ముఖం చూడాలి నువ్వు. కాంపౌండరు సంగతి వేరు, ఆయన పిల్ల కళ్లు కప్పి జారుకోవద్దు అనేవాడు. "వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లు. ఏడుస్తుంది, ఏడవనీ. సబ్బు తెచ్చి వచ్చేస్తా అన్నావా, సబ్బుతోనే రా, మధ్యలో ఎవరితోనైనా కబుర్లేసుకుని ఆలస్యం చేశావో ఇక నీ మాట నమ్మదు." నిదానానికి ఇది కష్టమైంది, సబ్బు కొనడానికే వాడికి పూట పట్టేది. అందుకని బట్టీ దాకా వెళ్లి రావడం మొదలుపెట్టాడు, తర్వాత వీధి చివరి దాకా, తర్వాత మార్కెట్ దాకా. పిల్ల బట్టీ అక్క దగ్గర కూర్చునేది. మొదట్లో ఏడ్చిన ఏడుపుకి బట్టీలో రొట్టెలు పొంగేవి కావు. తర్వాత తర్వాత "వెళ్లు నాన్నా, త్వరగా రాకు, మేం పిండి పిసుకుతున్నాం" అనేది. ఇక నేనేం నేర్పానంటావా? మొండికేస్తే దారికి తేవడం. ఒకసారి నా బస్సులో ఒడిలో పిల్లలూ చంకలో పిల్లలూ కలిసి ఒకేసారి ఏడుపు అందుకున్నారు, డ్రైవరు స్టీరింగ్ వదిలేసి చెవులు మూసుకున్నాడు. నేను ఏం చేశాను? అరవలేదు. వంగి, ఒక్కొక్కరి చెవిలో చెప్పాను, గుసగుసగా. నేను ఏం చెబుతున్నానో వినాలంటే వాళ్లు ఏడుపు ఆపాలి కదా. బస్సంతా నిశ్శబ్దం. ఇంజను కూడా మెల్లగా తిరిగింది. అరిచే పిల్ల దగ్గర అరవకు, గొంతు తగ్గించు. వీడి దగ్గర ఒకసారి చేసి చూడు, ఇప్పుడే, పరవాలేదు. చూశావా, తలెత్తి చూస్తున్నాడు.

నిదానానికి తనది అంటూ ఒకటే చిట్కా, అది ఎవరికీ చెప్పేవాడు కాదు, చేసేవాడు. పిల్లలకి అబద్ధం చెప్పడు. మొదటిసారి జుట్టు కత్తిరించడానికి పసివాళ్లని తెచ్చిన తల్లులు "ఏమీ కాదు నాన్నా, తెలియనే తెలియదు" అంటుంటే, వాడు మధ్యలో "తెలుస్తుంది. మెడ మీద చక్కిలిగిలి పెడుతుంది, చెవి దగ్గర కిరకిర శబ్దం వస్తుంది, తర్వాత వీపు మీద దురద. అంతే, ఇంకేమీ ఉండదు" అనేవాడు. వాడు చెప్పినట్టే చక్కిలిగిలి, వాడు చెప్పినట్టే కిరకిర. ఇక పిల్లాడు వాడు ఏం చెబితే అది నమ్మేవాడు. ఊళ్లో పిల్లలందరూ తలకాయలు వాడి చేతిలో పెట్టి నిద్రపోయేవాళ్లు.

మరి అక్షరాలు. అది నా బాధ్యత అన్నాను. డిపోలో పడేసిన పాత బస్సు బోర్డు ఒకటి తెచ్చా, ఊళ్ల పేర్లు రాసుండేవే, అది. నల్లరంగు కొట్టి, దాని మీద తెల్లరంగుతో అక్షరాలన్నీ నేనే రాశాను. నా చేతిరాత ముత్యాలు అనేవాళ్లు, ముత్యాలు సిగ్గుపడేవి. ఎక్కడ తగిలించాలి? ముందు గోడంతా అద్దమే. అందుకని వెనక గోడకి, బెంచీ పైన, మా తలల మీద తగిలించా. అదిగో, అలా చూడకు. బోర్డు తగిలించడం వేరు, పిల్లని కూర్చోబెట్టడం వేరు. గోరింక స్టూలు మీద కూర్చుని అద్దంలో బోర్డు చూసుకుంటూ పలక మీద రాసేది. వెనక్కి తిరగకూడదు కదా, కట్టుబాటు. రాయడం అవగానే పలక రెండు చేతులతో పైకెత్తి అద్దం వైపు చూపించేది, "నాన్నా, చూడు" అని. వాడి చేతిలో కత్తి, కత్తి కింద ఒకరి గొంతు. తల తిప్పగలడా? అద్దంలోనే చూసేవాడు. "బాగుంది తల్లీ, గుండ్రంగా వచ్చింది" అనేవాడు. బెంచీ మీద మేమూ అద్దంలోనే చూసేవాళ్లం. పలక వీపు మావైపు, ముఖం అద్దం వైపు. చక్కటి అక్షరాలు. వాడు బాగుంది అనగానే తడిగుడ్డతో తుడిచేసి ఇంకోటి రాసేది. పలక షాపులోనే ఉండేది, పైకి తీసుకెళితే మెట్ల మీద పగిలిపోతుందని. ఎండాకాలమంతా ఇదే. "మా పిల్లల కంటే బాగా రాస్తోంది" అని టైలరు మెచ్చుకున్నాడు. నేను ఏకంగా ఇది కలెక్టరు అవుతుందన్నాను. నీకు అప్పుడే అర్థమైపోయిందా? అయితే నువ్వు చాలా తెలివైనదానివి, మా వంశం కదా. మాకు కాలేదు. అద్దం ముందే బతికే మనుషులకి అద్దం ఉందనే గుర్తుండదమ్మా.

బడి తెరిచే ముందు రోజు పెద్ద నర్సమ్మ వచ్చింది, చేతిలో ఖాళీ సంచీ. పిల్ల బట్టలకి. ఆ సంచీ చూడగానే బెంచీ అంతా లేచి నిలబడింది. నిదానం అప్పుడు కుర్చీలో ఒక కుర్రాడికి గీస్తున్నాడు, ఏదో ఆఫీసులో ఉద్యోగానికి పిలిచారట, కొత్త చొక్కా, మెడ చుట్టూ తుండు. సగం గడ్డం అయింది. ఆవిడ ఎవరినీ పలకరించకుండా బెంచీ మీద కూర్చుని, కత్తి పక్కన పెట్టమని నిదానానికి చెప్పి పరీక్ష మొదలుపెట్టింది. బట్టీ అక్క గిన్నె తెచ్చి పెట్టింది. గోరింక తిన్నది, చెంచాతో, మాట్లాడుతూనే తిన్నది. రెండు మెతుకులు పడితే తనే గుడ్డ తెచ్చి తుడిచింది. ఆవిడ తల ఊపింది. నిదానాన్ని వీధి చివరి దాకా వెళ్లి రమ్మంది. వాడు వెళుతుంటే పిల్ల చెయ్యి ఊపి "సబ్బు కూడా తే" అంది. తిరిగొచ్చేదాకా అమ్మమ్మకి దువ్వెన్ల గురించి పాఠం చెప్పింది. ఆవిడ మళ్లీ తల ఊపింది. నేను టైలరు వీపు మీద ఒక్క చరుపు చరిచాను, ఆయన రెండు రోజులు వంగి నడిచాడు. అప్పుడు ఆవిడ "పలక తే అమ్మా, ఇటు నా పక్కన కూర్చుని రాయి" అంది. ఎదురుగా బోర్డు లేదు, అద్దమూ చూడక్కర్లేదు, దానికి అన్నీ కంఠస్థం. చకచకా నింపేసి అమ్మమ్మ చేతికి ఇచ్చింది.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. "ఏం రాశావమ్మా?" "అక్షరాలు." "ఏ దేశం అక్షరాలు?" అంది. మేం ఒక్కసారిగా వంగి చూశాం. అన్నీ తిరగబడి ఉన్నాయి. కుడి వైపు ఉండాల్సిన కొమ్ము ఎడమ వైపు, ముందు రావాల్సింది చివర. సున్నా ఒక్కటే సరిగ్గా ఉంది. టైలరు "అమ్మగారూ, రోజూ బాగానే రాసేది, కళ్లారా చూశాను" అన్నాడు. "నీ కళ్ల సంగతి తర్వాత చూస్తా" అంది ఆవిడ. కాంపౌండరు ఊరుకోవచ్చా, "మెదడులో ఏదైనా..." అని గొణిగాడు. ఆవిడ ముఖం పాలిపోయింది. కూతుర్ని జ్వరం తీసుకెళ్లిన మనిషి ఆవిడ. "పెద్దాసుపత్రిలో చూపిస్తా. పిల్ల బుర్ర ఎలా ఉందో కూడా గమనించుకోలేదు మీరు. సంచీలో బట్టలు సర్దు" అంది.

గోరింకకి అర్థం కాలేదు. అందరి ముఖాలూ చూసింది. తర్వాత అనుకుంది కాబోలు, నాన్న ఇంకా చూడలేదు కదా అని. పలక తీసుకుని వెళ్లి స్టూలెక్కి, రెండు చేతులతో పైకెత్తి "నాన్నా, చూడు" అంది. అద్దంలో చూశాం. అన్నీ సరిగ్గా నిలబడి ఉన్నాయి. నా ముత్యాలు, ఒక్కటీ వంకర లేకుండా. నేను "అమ్మా" అన్నాను ఆవిడతో, ఏదో చెబుదామని. ఆ ఒక్క మాటకే బయట పోతున్న బస్సు ఆగింది, కానీ నాకు తర్వాత మాట రాలేదు. నాకు మాట రాలేదు, రాసుకో.

నిదానం పక్కన పెట్టిన కత్తి తీసి మడిచి అరలో పెట్టాడు. సగం గడ్డం మిగిలి ఉండగా వాడు కత్తి మడవడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, "గోరింకా, నువ్వు చూసింది చూసినట్టు రాశావు. తప్పు వైపు కూర్చోబెట్టింది నాన్న. ఇది నాన్న తప్పు" అన్నాడు. తర్వాత అత్తగారి వైపు తిరిగి, "మాట మాటే అత్తయ్యా. అక్షరాలు రాలేదు. బట్టలు సర్దుతాను. కానీ దాని బుర్ర బాగోలేదని దాని ముందు అనొద్దు, అది నమ్మేస్తుంది" అన్నాడు. సంచీ తీసుకున్నాడు. మెట్ల వైపు నడుస్తుంటే పిల్ల స్టూలు మీదనించి పిలిచింది. తడిగుడ్డ పట్టుకుని ఉంది. "నాన్నా, తప్పు నీదన్నావుగా. నువ్వే తుడువు."

పెద్ద నర్సమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియదు. "ఆగు అబ్బాయ్" అంది. "ఆ కుర్రాణ్ణి కుర్చీలోంచి దింపు." కుర్రాణ్ణి సగం నురగతో దింపి బెంచీ మీద మా మధ్య కూర్చోబెట్టాం. ఆవిడ వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది. సెలూన్ కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చోవడం ఆ వీధిలో అదే మొదలు. "ఏం చేస్తూ ఎలా చూసేవాడివో చూపించు" అంది. వాడు వెనక నిలబడి, మూసిన కత్తి ఆవిడ చెంపకి దూరంగా గాలిలో కదిలించాడు, రోజూ గీసినట్టే. పిల్ల తన పద్ధతి ప్రకారం పలక మీద మొదలుపెట్టింది. నేను అద్దంలో ఆవిడ ముఖం చూస్తున్నా. ఇన్నేళ్లూ మేం బెంచీ మీద కూర్చుని వాడి వీపు చూశామమ్మా. కుర్చీలో కూర్చున్నవాళ్లకే వాడి కళ్లు కనబడతాయి, వాళ్లేమో కళ్లు మూసుకుని ఉంటారు. ఆవిడ మూసుకోలేదు, ఆవిడ చూపు వెంట నేనూ అద్దంలో వాడి కళ్లు చూశాను. కత్తి ఒక్క గీత కదిలితే వాడి చూపు ఒక్కసారి పిల్ల మీదికి వెళ్లి వస్తోంది. గీత, చూపు. గీత, చూపు. వాడు ఎందుకంత ఆలస్యంగా గీస్తాడో ఆ రోజు తెలిసింది నాకు. వాణ్ణి నిదానం అని పేరు పెట్టి నవ్విన ఊరికి ఎవరికీ తెలియలేదు.

"పిల్ల రాకముందు ఆ స్టూలు ఎవరిది?" అని అడిగింది ఆవిడ. "మీ అమ్మాయిదే అత్తయ్యా. మధ్యాహ్నాలు వచ్చి కూర్చుని బొత్తాలు కుట్టేది" అన్నాడు. ఆవిడ లేచి, పిల్లతో సహా స్టూలు పట్టుకుని, ఆ వయసులో ఆ బరువు, ఒక్క ఊపులో బోర్డు వైపు తిప్పేసింది. "ఇక్కడి ఆసుపత్రికి బదిలీ చేయించుకుంటా, మధ్యాహ్నాలు నేనొస్తా. పలక నా చేతిలో ఉంటుంది. బడి మేష్టారితో నేను మాట్లాడతా. నువ్వు గడ్డాలు చూసుకో, ఊళ్లో జనం ఎలుగుబంట్ల లాగా తిరుగుతున్నారు" అంది. సంచీ మడిచి చంకలో పెట్టుకుంది. ఇక ఆ తర్వాత బెంచీ మీద మా పెత్తనం పోయింది. ఎవరు ఏ చిట్కా చెప్పినా "ఎవరు చెప్పారు నీకు, నీ పిల్లలు ఎలా పెరిగారో నాకు తెలియదా" అనేది. నన్ను తప్ప. సరే, నన్ను కూడా. గోరింక ఒక నెల ఇటూ అటూ రాసింది, తర్వాత ఇటే రాసింది.

నిదానం పోయి చాలా కాలమైంది. షాపులోనే పోయాడు, మధ్యాహ్నం, కుర్చీలో కాస్త వాలి. అంత నిదానం మనిషి ఆ ఒక్క పని మాత్రం చప్పున చేసేశాడు. గోరింక వచ్చింది, అప్పటికే ఇద్దరు పిల్లల తల్లి. అద్దం దగ్గర చాలాసేపు నిలబడింది. పిల్లలు ఏడుస్తుంటే వంగి చెవిలో ఏదో చెప్పింది, గొంతు తగ్గించి. అది నాది, గుర్తుందా? నాది.

ఏమిటా నవ్వు? నమ్మడం లేదా? ఆ కళ్లు నాకు తెలుసు, మీ అమ్మమ్మ కళ్లు. బట్టీ అక్క పోయింది, టైలరు పోయాడు, కాంపౌండరుకి ఇప్పుడు తన పేరే గుర్తులేదు, ఇక ఈ ముసలాడు ఏం చెప్పినా చెల్లుతుంది అనుకుంటున్నావు కదూ? ఆ గొడవలో అందరం ఆ సగం గడ్డం కుర్రాణ్ణి మర్చిపోయాం తల్లీ. వాడు బెంచీ మీద నురగ ఎండిపోయేదాకా నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాడు. ఆనక ఆఫీసు గుర్తొచ్చి ఒక చెంప నున్నగా, ఒక చెంప ముళ్లపొదలా, తుండు మెడలోనే పెట్టుకుని పరిగెత్తాడు. అక్కడి పెద్దలు ఏమిటీ అవతారం అని అడిగితే జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడట, వాళ్లు విని విని ఉద్యోగం ఇచ్చేశారు. తన తెలివి చూసి ఇచ్చారని చెప్పుకుంటాడు ఇప్పటికీ. సాయంత్రం ఇంటికి వెళతావు కదా, వరండాలో పేపరు చదువుకుంటూ ఉంటాడు, వెళ్లి అడుగు. మీ మామగారిని అడుగు.